చూలు పట్టే చెయ్యి

లారీ వచ్చి దొడ్డి ముందు వెనక్కి తిరిగి నిలబడేసరికే మా అత్తగారు పీట మీద కూర్చుని చేతులు వేడినీళ్లలో ముంచుకుంటోంది. చల్లటి చెయ్యి తగిలితే గొర్రె ఉలిక్కిపడుతుందట, ఉలిక్కిపడ్డ గొర్రె పొదుగు బిగబడుతుందట. గొర్రెల సుఖం మీద ఆవిడకున్న శ్రద్ధలో వీసమెత్తు అల్లుడి మీద ఉంటే నేను ఈపాటికి కాస్త ఒళ్లు చేసేవాణ్ణి.

నేను ఇల్లరికపు అల్లుణ్ణి. మామగారు పోయాక మందకి మగదిక్కు లేదని కబురు పెడితే, కుట్టుమిషన్లు బాగుచేసుకునే కొట్టు మూసేసి మరీ వచ్చాను. వచ్చాక తెలిసింది, ఈ ఇంట్లో మగదిక్కు అవసరం గేటు తీయడానికీ గేటు మూయడానికీ మాత్రమేనని. మిగతా విషయాల్లో నా మాట కూరలో కరివేపాకు.

పని ఇలా ఉంటుంది. దొడ్డిలో ఒక గొర్రె మాత్రమే పట్టే సన్నటి సందు ఉంది, రెండు వైపులా కర్రల కంచె. సందు చివర రెండు గేట్లు. కుడి గేటు పల్లపు పొలంలోకి, ఎడమ గేటు లారీ ఎక్కే దొడ్డిలోకి. సందు మధ్యలో కంచెకి ఒక కన్నం, ఆ కన్నం పక్కనే అత్తగారి పీట. గొర్రె అక్కడికి వచ్చి ఆగుతుంది. ఆవిడ చెయ్యి కన్నంలోంచి వెళ్లి పొదుగు తడుముతుంది. "ఉంది" అంటే చూలు ఉందని, నేను కుడి గేటు తీయాలి. "లేదు" అంటే వట్టిపోయిందని, ఎడమ గేటు. నేను ఈ ఇంటికి రాకముందు నుంచీ ఈ మంద ఆ రెండు మాటల మీదే నడుస్తోంది. చుట్టుపక్కల పెంపకందార్లు కూడా ఆవిడ చేతి కోసం గొర్రెల్ని తోలుకొచ్చేవారు. ఆ చెయ్యి తప్పు చెప్పగా ఎవరూ వినలేదు.

ఈమధ్య ఆవిడ కళ్లకు పొర కమ్మింది. అన్నీ ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు కనిపిస్తున్నాయని మా ఆవిడతో ఒకసారి నోరు జారింది. కళ్ల డాక్టరు దగ్గరికి పోదామంటే, నా కళ్లు నా చేతిలో ఉన్నాయి పొమ్మంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

అంత నమ్మకమైన చెయ్యి ఉండి కూడా పోయినేడు మాకు పిల్లలు పుట్టలేదు. అంటే, పుట్టాల్సినన్ని పుట్టలేదు. "ఉంది" అన్న గొర్రెల్లో పొదుగులు నిండుగా దిగినవి చాలా ఉన్నాయి, ఈనినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అత్తగారు నేరం పొట్టేలు మీద మోపింది, దాంట్లో పస లేదని అమ్మేసింది. ఈ ఏడు కొత్త పొట్టేలు వచ్చింది. మెడ ఎత్తి నడిచే ఆ దొరగారు తన పని తాను చేసి మూడు నెలలు దాటింది.

పశువుల డాక్టరమ్మ వానల్లో ఒకసారి వచ్చి చూసి, ఇవి ఏం మేస్తాయని అడిగింది. పల్లపు పొలంలో అత్తగారు రెండేళ్ల కిందట కొత్త మేత వేయించింది. విత్తనాలమ్మినవాడు దాన్ని క్లోవర్ అన్నాడు, మేం మూడాకుల గడ్డి అంటాం. ఎర్రటి పూలు పూస్తుంది, గొర్రెలు దాన్ని చూస్తే తల ఎత్తవు. మందలో మేలైన ఆడవాటిని దాని మీద మేపి, మిగిలినవాటిని రాళ్లదిబ్బ మీద వదిలేవాళ్లం. డాక్టరమ్మ ఆ గడ్డి మీద తనకు అనుమానం ఉందని, మిషన్ తెచ్చి చూలు పరీక్ష చేస్తానని అంది. నా చెయ్యి ఉండగా నీ మిషనెందుకమ్మా అని అత్తగారు ఆమెకు టీ ఇచ్చి సాగనంపింది. డాక్టరమ్మ అనుమానం మాత్రం నా చెవిలో జోరీగలా ఉండిపోయింది.

సందులోకి గొర్రెల్ని వదలడం మొదలైంది. మా ఆవిడ వెనక నుంచి తోలుతోంది, అత్తగారు తడుముతోంది, నేను గేటు దగ్గర ఉన్నాను. లారీ ఆయన మెట్టు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు తొందరాయన. కసాయి దుకాణాలకు గొర్రెల్ని చేరేస్తాడు, ఎప్పుడు చూసినా ఎక్కడికో ఆలస్యమైపోతూ ఉంటాడు.

ఉంది, ఉంది, లేదు, ఉంది, లేదు, లేదు. గేటు దగ్గర నిలబడేవాడికి తోచకపోతే చూడ్డానికి గొర్రెలు తప్ప ఏముంటాయి? చూస్తున్నకొద్దీ నాకు ఒకటి తట్టింది. "ఉంది" అన్న ప్రతిదీ పల్లంలో మేసిందే. "లేదు" అన్న ప్రతిదీ రాళ్లదిబ్బదే. ఒక్కటంటే ఒక్కటి అటుది ఇటు పడలేదు. పొట్టేలు రెండు గుంపుల్లోనూ తిరిగింది, నా కళ్లతో చూశాను. గడ్డిని బట్టి చూలు నిలుస్తుందా?

ఆగి, అత్తయ్యా, ఈనడానికి ఇంకా రెండు నెలలుంది కదా, ఇప్పుడే ఇంత పొదుగేమిటి అని అడిగాను. మేత బలం, పాలు ముందే దిగుతున్నాయి అంది ఆవిడ. గొంతులో గర్వం. నేను గేటు తీశాను. తప్పయితే సరిదిద్దుకునే వ్యవహారం కాదిది. లారీ కదిలిందంటే ఆ గొర్రెలు ఇక లేనట్టే. కడుపులో పిల్లలున్నవి కత్తి కిందికి పోయి, వట్టి పొదుగులు మా దొడ్డిలో మిగిలితే, వచ్చే ఏటికి మందే ఉండదు. మంద లేకపోతే ఈ ఇంటికి చేతనైన పని ఇంకోటి లేదు.

చివరి గొర్రె కూడా ఎడమకి పోయింది. ఇక ఎక్కించడమే. దానికి మా దగ్గర పెద్దమనిషి ఉన్నాడు.

పెద్దమనిషి అంటే గొర్రే. పిల్లగా ఉన్నప్పుడే విత్తులు నొక్కేసిన పొట్టేలు, మెడలో గంట కట్టుకుని మందకి ముందు నడుస్తాడు. చెక్క మీదుగా లారీలోకి ముందు వాడెక్కుతాడు, మిగతావి గంట వెనకాలే ఎక్కుతాయి, వాణ్ణి మాత్రం పక్క తలుపులోంచి దింపేస్తాం. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు గాని మా గొర్రెలు కసాయిని నమ్మవు, పెద్దమనిషిని నమ్ముతాయి. ఫలితం ఒకటే అనుకోండి. ఈ ఉద్యోగానికి జీతంగా అత్తగారు వాణ్ణి రెండేళ్లుగా పల్లంలోనే మేపుతోంది.

ఆ పూట పెద్దమనిషి చెక్క ఎక్కలేదు. సగం దాకా వచ్చి, వెనక కాళ్లు ఎడంగా పెట్టి, వెన్ను వంచి ముక్కడం మొదలుపెట్టాడు. ఒంటికి పోసుకుందామని అవస్థ, చుక్క తప్ప పడదు. వెనక గొర్రెలు తోసుకుంటున్నాయి, తొందరాయన ఈల వేస్తున్నాడు. నేను వాడి పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తబోయాను. చేతికి ఏదో మెత్తగా, సంచిలా తగిలింది. వేళ్లు తడిశాయి. వంగి చూశాను. మగ గొర్రెకి కూడా చన్నులుంటాయి, మగాళ్లకున్నట్టే, పేరుకు. వీడివి నా వేలంత పొడుగున్నాయి. నొక్కాను. పలచటి పాలు కారాయి.

వాణ్ణి కిందికి దింపి, చెక్క పక్కకి లాగేసి, మా ఆవిణ్ణి పిలిచాను. ఆమె చూసింది, తనూ నొక్కింది. ఫోను తీసి డాక్టరమ్మకి కలిపి, నాకూ వినపడేలా పెట్టింది.

డాక్టరమ్మ ఎక్కడో అడ్డం తిరిగిన ఈత దగ్గర ఉందట, ఆయాసపడుతూ మాట్లాడింది. "ఆ గడ్డిలో ఆడ హార్మోనుని పోలిన పదార్థం ఉంటుందండీ. గొర్రె కడుపులో పడ్డాక దాని పవర్ ఇంకా పెరుగుతుంది. ఒంటికి తేడా తెలీదు, తన హార్మోనే అనుకుంటుంది. పొదుగు చేస్తుంది, పాలు కూడా చేస్తుంది, కడుపు మాత్రం నిలవనివ్వదు. మగదానికే పాలొస్తున్నాయంటే ఇంక ఆ పొదుగుల్ని నమ్మకండి. లారీ ఆపండి. నేను సాయంత్రానికి గాని రాలేను."

లారీ ఆపాలట. తొందరాయన సాయంత్రం దాకా ఆగడానికి ఒప్పుకోలేదు. ఆయన తప్పు కూడా లేదు, ఇంకో మూడు దొడ్లు తిరగాలి. నాకు ఏ గొర్రెలైనా ఒకటే, బండి నిండితే చాలు, ఏదో ఒకటి తేల్చండి అన్నాడు.

అత్తగారి దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. మర్యాదగానే చెప్పాననుకుంటాను. పెద్దమనిషికి పాలొస్తున్నాయి, పొదుగు చూసి చెప్పింది ఏదీ నిలవదట, ఒక్కసారి మీరే వచ్చి వాణ్ణి తడిమి చూడండి అన్నాను. ఆవిడ తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది.

మామూలుగా ఆవిడ నన్ను "నువ్వు, బాబూ" అంటుంది. "మీరు" లోకి దిగిందంటే నేను గీత దాటానన్నమాట.

"ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో. మగదాని కింద చెయ్యి పెట్టి చూలు చూడ్డానికి నాకేం మతిపోలేదు. మీరు గేటు దగ్గరికి వెళ్లండి అల్లుడుగారూ."

చూసేది చూలు కాదు అని అరవబోయి ఆగాను. లారీ ఆయన వింటున్నాడు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే ఏడుపు కూడా వచ్చింది. కుట్టుమిషన్ మొండికేస్తే విప్పి చూపించి, ఇదిగో ఇక్కడ అనొచ్చు. మనిషిని ఎక్కడ విప్పుతాం?

అప్పుడు నాకు దుర్బుద్ధి పుట్టింది. ఎడమ దొడ్డివాటిని ఇంకోసారి సందులోంచి తోలి చూపిద్దాం, వాటి మధ్య పెద్దమనిషిని కూడా పంపుదాం, ఆవిడకి చెప్పకుండా, అని మా ఆవిడ చెవిలో అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. బయటివాడి ముందు అమ్మని చిన్నబుచ్చడమా అంది. లారీ ఇంజను మొదలైంది. మా ఆవిడ పెద్దమనిషి దగ్గరికి నడిచి, వాడి మెడలో గంట తనే విప్పి జేబులో వేసుకుంది. లోపల మోగకుండా జేబుని గుప్పెటతో పట్టుకుంది.

ఒక్కసారి మళ్లీ చూడమ్మా, చివరిసారి, నా తృప్తి కోసం అని కూతురు అడిగితే అత్తగారు కాదనలేదు. పీట మీద సర్దుకుని కన్నంలోకి చెయ్యి పెట్టింది. మొదటి గొర్రె, లేదు. రెండోది, లేదు. మూడోది పెద్దమనిషి.

ఆవిడ చెయ్యి వాడి కిందికి వెళ్లి ఆగింది. మొహంలో ఆశ్చర్యం, వెంటనే చిన్న సంతోషం.

"ఇది ఇటెలా వచ్చింది? ఉంది. బాగా ఉంది. ముందుగా ఈనేది ఇదే."

తొందరాయన పకపకా నవ్వాడు. ఆయన పక్కనుంచి కొమ్ములూ చూశాడు, పొట్ట కింద కుచ్చూ చూశాడు. ఆ నవ్వు విని నాకు ఆయన్ని మెట్టు మీదినుంచి తోసెయ్యాలనిపించింది. ఆ నవ్వు కోసమే ఇదంతా చేసినవాణ్ణి నేనే, ఆయన్ని తోసి ఏం లాభం?

అత్తగారు చెయ్యి తీయలేదు. నవ్వు ఎటునుంచి వచ్చిందో అటు తల తిప్పి, చెయ్యిని నెమ్మదిగా పొదుగు మీదినుంచి ముందుకి జరిపింది. పొట్ట మధ్య, మగదానికి మూత్రం వచ్చే చోట, తడిసిన జుట్టు కుచ్చు దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి చెయ్యి వెనక్కి తీసి, పైనుంచి మెడ మీద వేసింది. గంట తాడు ఒరిసి ఒరిసి బొచ్చు ఊడిన చోట వేళ్లు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత ఆ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

మా ఆవిడ తల వంచుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ లేచి, కంచె పట్టుకుని తడుముకుంటూ ఎడమ దొడ్డిలోకి వెళ్లింది. చేతికందిన గొర్రెని పట్టుకుని, పేడలోనే మోకాళ్ల మీద కూర్చుంది. ఆ మోకాళ్లు వంగక ఏళ్లయింది. పొదుగు జోలికి పోలేదు. పిడికిలి బిగించి పొట్ట కింద కుడివైపు పెట్టి, ఒక్కసారి పైకి ఎగదోసి, అలాగే పట్టి ఉంచింది. పొదుగులు చూసే పద్ధతి సులువని తేలక ముందు, తన తల్లి దగ్గర నేర్చుకున్న పద్ధతి అదేనని తర్వాత మా ఆవిడ చెప్పింది. లోపల పిల్ల ఉంటే నీళ్లలో పైకి పోయి, మళ్లీ వచ్చి పిడికిలికి తగులుతుందట.

"ఉంది," అంది.

ఇంకోదాన్ని పట్టుకుంది. ఉంది. ఇంకోటి. దాని దగ్గర ఎక్కువసేపు ఆగింది, అయినా ఉంది. నాలుగోదాని దగ్గర పిడికిలి పెట్టి, ఆ మాట అనకుండా, కూతురి వైపు తిరిగింది.

"పోయినేడు నేను లారీ ఎక్కించినవి కూడా ఇలాంటివేనటే?"

పొట్టేలులో పస లేదని ఊరంతా చెప్పుకున్న మాట నా చెవుల్లో గింగురుమంది. ఆవిడ గొర్రె మెడ మీద తల ఆనించింది. తొందరాయన తనే వెళ్లి ఇంజను ఆపాడు. నవ్వినందుకు ఆయనకీ సిగ్గేసినట్టుంది.

లేచాక ఆవిడ అడిగిన మొదటి మాట, పల్లంలో మేసినవి మళ్లీ బాగుపడతాయా అని. మా ఆవిడ ఫోను కలిపింది. ఈ ఏడే ఆ గడ్డి ఎక్కినవాటిని వెంటనే దించి ఎండుగడ్డి మీద పెడితే చాలావరకు తేరుకుంటాయని, రెండేళ్లూ మేసినవాటి మీద ఆశ పెట్టుకోవద్దని, వాటికి లోపలి మార్పు ఇక పోదని డాక్టరమ్మ చెప్పింది. పెద్దమనిషి సంగతి తను వచ్చి చూస్తానంది, మూత్రం పూర్తిగా బిగిసిపోతే మాత్రం కష్టమంది. రెండేళ్లూ మేసినవి అంటే మా మందలో ఎత్తయినవి, బొచ్చు బాగా పట్టినవి, అత్తగారు పేరుపేరునా పిలిచేవి. వాటి చెవులకు గాటు ఉంటుంది, కొత్తవాటికి ఉండదు.

తొందరాయన ఇంకోసారి వస్తానన్నాడు, పాపం. అత్తగారు వద్దంది. లారీ నింపి పంపుతానని మాటిచ్చాను, నింపే పంపుతాను అంది. ఆగితే రేపు ఈపాటికి తన చెయ్యి చెప్పిందే నిజమని తనకు తనే సర్దిచెప్పుకుంటుందని భయపడిందేమో, నాకు అలాగే అనిపించింది. ఎడమ దొడ్డివాటిని ఇంటి వెనక్కి తోలించి, పల్లంవాటిని సందులోకి రప్పించమంది. తను వచ్చి పీట మీద కూర్చుంది గాని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

"నువ్వు చెప్పు బాబూ," అంది. "నీ కళ్లు బాగున్నాయి."

ఇన్నేళ్లుగా నా మాట చెల్లాలని తహతహలాడినవాణ్ణి. ఆ క్షణంలో ఎవరైనా తీసుకుంటే గేటుతో సహా ఇచ్చేసి కుట్టుమిషన్ల దగ్గరికి పారిపోయేవాణ్ణి. సందులోకి మొదటగా వచ్చింది మందలోకెల్లా మంచి గొర్రె, తెల్లమూతిది. పొదుగు నిండుగా ఊగుతోంది. చెవి చూశాను. గాటు ఉంది. మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"లేదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను.

ఎడమ గేటు తీశాను. గొర్రె కదల్లేదు. కన్నం దగ్గర ఆగి, పొట్ట కాస్త కంచె వైపుకి ఒరిగించి, అలాగే నిలబడింది. పుట్టినప్పటి నుంచి ఆ చోట చెయ్యి పడితే గాని ముందుకి నడవడం దానికి అలవాటు లేదు. నేను అదిలించాను, చప్పట్లు కొట్టాను. మా ఆవిడ వెనక నుంచి తోసింది. అది అత్తగారి వైపే చూస్తూ నిలబడింది.

ఆవిడ ఒక చెయ్యి చంకలోంచి తీసి, నీళ్లలో ముంచి, తువ్వాలుకి తుడుచుకుంది. నీళ్లు చల్లారిపోయి ఉంటాయి, రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకుంది. కన్నంలోంచి చెయ్యి పెట్టి పొదుగుని ఎప్పటిలాగే తడిమింది, చిన్నగా, తొందరలేకుండా. తర్వాత వీపు మీద చరిచింది.

"పోవే," అంది.

అది నడిచింది. లారీ నిండేదాకా ప్రతిదానికీ ఆవిడ అలాగే చేసింది, చేతులు వేడి చేసుకుని మరీ.